తేటగా ఉంటే చాలా?

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



కూరలు కొనేటప్పుడు మనం చేసే పరీక్షలు అన్నీ ఇన్నీ కావు కదండీ! బెండకాయ కొస విరిచి చూస్తాం. వంకాయ పుచ్చేమోనని తిప్పి తిప్పి చూస్తాం. బియ్యంలో నాలుగు రాళ్లు కనిపిస్తే ఆ కొట్టువాడితో నెల్లాళ్లు దెబ్బలాడతాం. అదే మంచినీళ్ల దగ్గరకొచ్చేసరికి గ్లాసు పైకెత్తి వెలుగులో ఒకసారి చూసి, "తేటగానే ఉన్నాయిలే" అనుకుని తాగేస్తాం, పిల్లలకు పట్టేస్తాం.

నీళ్లు తేటగా ఉన్నాయంటే వాటిలో మట్టి లేదన్నమాట. అంతకు మించి దానికి అర్థం లేదు. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు కంటికి కనబడవు. ఫ్లోరైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నైట్రేటూ అంతే. మన అమ్మమ్మల కాలంలో ఏటి నీళ్లు బురదగా వస్తే ఇండుపగింజ అరగదీసి కలిపేవారు, లేకపోతే పటిక తిప్పేవారు. తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగి పైన నీళ్లు అద్దంలా ఉండేవి. ఆ పని మంచిదే కానీ క్రిములన్నీ మడ్డితో పాటు దిగిపోవు. దీనికి తలకిందులుగా, ఒక్కోసారి పంపు తిప్పగానే నీళ్లు పాలలాగా వస్తాయి. మనం హడలిపోతాం. ఆ గ్లాసును రెండు నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. అడుగునుంచి పైకి తేటపడుతూ వస్తే అది గొట్టంలో చిక్కుకున్న గాలి మాత్రమే. చెరుపు లేదు. కంటిని నమ్ముకుంటే భయపడనక్కర్లేని చోట భయపడతాం, భయపడాల్సిన చోట నిశ్చింతగా ఉంటాం.

2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు జరిగిందీ అదే. రెండు చోట్లా మంచినీళ్లలో మురుగు కలిసింది. వందలమంది వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోయాయి. ఆ నీళ్లు పట్టుకున్నవాళ్లు కూడా మనలాగే బిందెలు తోముకుని, బట్ట కట్టి వడపోసుకున్న ఇల్లాళ్లే.

శుద్ధి చేసి పంపిన నీళ్లలో మురుగు ఎక్కడ కలుస్తుందని మీరడగొచ్చు. మన పట్నాల్లో కుళాయి ఇరవైనాలుగు గంటలూ రాదు కదా. రోజుకో గంట, రెండు రోజులకో గంట, అంతే. నీళ్లు వదిలినంతసేపూ గొట్టం నిండుగా, ఒత్తిడితో ఉంటుంది. చిన్న పగులు ఉన్నా నీళ్లు బయటికే చిమ్ముతాయి తప్ప బయటిది లోపలికి రాదు. కట్టేశాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు ఆ పగులులోంచే పక్కనున్న మురుగుకాలవ నీరు లోపలికి ఊరుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందుగా మన బిందెలో పడేది అదే. అందుకే మొదటి ఐదు, పది నిమిషాల నీళ్లు వంటకీ తాగడానికీ పట్టుకోకుండా మొక్కలకో, వాకిలి కడగడానికో వాడమని చెప్పడం. ఇక్కడ మరో మాట కూడా చెప్పాలి. నీళ్లు సన్నగా వస్తున్నాయని కుళాయి గొట్టానికే నేరుగా మోటారు బిగించేవాళ్లున్నారు. ఆ మోటారు నీళ్లనే లాగుతుందనుకోకండి. వీధి గొట్టంలో ఎక్కడ పగులుంటే అక్కడి మురుగును కూడా పీల్చుకొస్తుంది. మీ సంపు నిండుతుంది, పక్కింటివాళ్లకు నీళ్లు దక్కవు, మురుగు మాత్రం అందరికీ సమానంగా పంచినట్టవుతుంది.

ఇక పరీక్షల సంగతి. పరీక్ష అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఫిల్టర్ల కంపెనీ కుర్రవాడు. మెడలో టై, చేతిలో పెట్టె. ఒక గ్లాసులో మన పంపు నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్ల మిషను నీళ్లు పోస్తాడు. నాలుగు కడ్డీలున్న పరికరం రెండిట్లో ముంచి కరెంటు పెడతాడు. క్షణాల్లో మన గ్లాసులో తుప్పురంగు మడ్డి తేలుతుంది. రెండోది తేటగా ఉంటుంది. "చూశారా ఆంటీ, ఇన్నాళ్లూ మీరు తాగుతోంది ఇదీ" అంటాడు. కడుపులో తిప్పదూ మరి! ఆ మడ్డి మన నీళ్లలోది కాదండీ. ఆ కడ్డీల్లో ఒకటి ఇనుము, ఒకటి అల్యూమినియం. నీళ్లలో సహజంగా ఉండే లవణాల వల్ల కరెంటు పారుతుంది. పారితే ఇనపకడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. మిషను నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కనుక కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు. ఈసారి వస్తే అతని తేట గ్లాసులో చిటికెడు వంట ఉప్పు వేసి మళ్లీ కరెంటు పెట్టమనండి. అందులోనూ అదే మడ్డి లేస్తుంది. కాఫీ ఇచ్చి పంపండి పాపం, అతని ఉద్యోగం అది.

టీడీఎస్ మీటరని పెన్ను లాంటిది ఇంకొకటి వచ్చింది. చాలా ఇళ్లల్లో ఉంటోంది. అది నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చెబుతుంది. కరిగింది ఏమిటో చెప్పదు. దాన్ని కొబ్బరినీళ్లలో ముంచితే అంకె వేలల్లో చూపిస్తుంది. అంతమాత్రాన కొబ్బరినీళ్లు విషమా? అంకె నూటయాభై చూపించిన నీళ్లలో టైఫాయిడ్ క్రిములు ఉండొచ్చు, ఆ మీటరుకు అవి ఆనవు. ఉప్పుబోరు నీళ్లు గుర్తుపట్టడానికీ, మిషనులోని మెంబ్రేను పనిచేస్తోందో లేదో చూసుకోవడానికీ అది పనికొస్తుంది. అంతవరకే దాన్ని నమ్మాలి.

మరి నమ్మదగిన పరీక్షలేమిటి? మొట్టమొదటిది క్లోరిన్ పరీక్ష. ఇది ఇంట్లో మనమే చేసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. శుద్ధి చేసిన నీళ్లలో క్లోరిన్ కలిపి పంపుతారు. దారిలో క్రిములు చేరితే చంపడానికి అది కొంచెం మిగిలి ఉండాలి. మన కుళాయి దగ్గరకు వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన దేశపు ప్రమాణం. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి కిట్టులో ఇచ్చిన మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపురంగు వస్తుంది. ఆ రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకోవడమే. మందు వేసిన నీళ్లు తాగకూడదు, పారబోయాలి. గొట్టం కడిగి పిల్లలకు అందకుండా పెట్టుకోవాలి. కొందరు నీళ్లు మందు వాసనొస్తున్నాయని విసుక్కుంటారు. నన్నడిగితే ఆ వాసన రాని రోజునే అనుమానించాలంటాను. మూత తీసిన గిన్నెలో కాసేపు ఉంచితే వాసన అదే పోతుంది.

ఈ పరీక్ష ఒకచోట చేసి ఊరుకోకండి, మూడు చోట్ల చెయ్యండి. కుళాయి వదిలినప్పుడు వీధి గొట్టం దగ్గర ఒకటి, సంపులో ఒకటి, వంటింటి పంపు దగ్గర ఒకటి. వీధి గొట్టం దగ్గరే రంగు రాలేదనుకోండి, లోపం మన గేటుకు అవతల ఉంది. అక్కడ చక్కగా పసుపు వచ్చి వంటింట్లో రాకపోతే లోపం మన సంపులోనో, పైట్యాంకులోనో ఉంది. ట్యాంకులో రోజుల తరబడి నిలవున్నా క్లోరిన్ ఆవిరైపోతుందనుకోండి. అయినా ఎవరిని నిలదియ్యాలో, ఎక్కడ వెతకాలో ఈ మూడు గొట్టాలు చెప్పేస్తాయి. మా అపార్టుమెంటులో సంపు మూత పక్కనే డ్రైనేజీ చాంబరు ఉంది. కట్టినవాళ్ల తెలివి అది. మీదగ్గర ఎలా ఉందో ఈ పూటే ఒకసారి దిగి చూడండి.

రెండోది నల్లరంగు సీసా పరీక్ష. 1982లో గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన శాస్త్రవేత్తలు దీన్ని ప్రకటించారు. చిన్న సీసాలో మందు పట్టించిన కాగితం ముక్క ఉంటుంది. గీత వరకు నీళ్లు పోసి మూత బిగించి వెచ్చని చోట పెట్టాలి. ఒక రోజు, రెండు రోజుల్లో నీళ్లు నల్లబడితే మలసంబంధమైన క్రిములున్నాయని అనుమానించాలి. కోడిగుడ్డు కుళ్లు వాసనొచ్చే బోరునీళ్లయితే క్రిములు లేకపోయినా నల్లబడొచ్చు. నల్లబడలేదు కదాని పూర్తిగా ధీమా పడటానికీ వీల్లేదు. ఇది లాబొరేటరీకి పోవాలా వద్దా అన్నది తేల్చుకునే పరీక్ష. అయిపోయాక ఆ సీసాలో బ్లీచింగ్ నీళ్లు పోసి కాసేపుంచి అప్పుడు పారెయ్యండి. వంటింటి గట్టుమీద మాత్రం పెట్టకండి.

పల్లెల్లో ఈ పని ఆడవాళ్ల చేతికే అప్పగించారని మీకు తెలుసా? 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు స్త్రీలకు కిట్లతో నీళ్లు పరీక్షించడం నేర్పే ఏర్పాటు చేశారు. రంగులు పోల్చి ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరిన్ ఎంతున్నాయో వాళ్లు చెప్పేస్తున్నారు. పట్నం వాళ్లం మనమే ఇంకా గ్లాసు ఎత్తి వెలుగులో చూస్తున్నాం.

ఇక లాబొరేటరీ. గుర్తింపు ఉన్న ల్యాబ్ చూసుకోండి. ఎన్.ఏ.బి.ఎల్. గుర్తింపు ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. హైదరాబాదు వాళ్లకు నారాయణగూడలో ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏ ల్యాబ్‌కి ఇచ్చినా, నీళ్లు పట్టడంలో పొరపాటు జరిగితే రిపోర్టంతా వృథా అవుతుంది. క్రిముల పరీక్షకు సీసా ల్యాబ్‌వాళ్లనే అడిగి తెచ్చుకోవాలి. దాంట్లో క్లోరిన్‌ను విరిచే మందు ముందే వేసి ఉంటుంది. దాన్ని కడగకూడదు, తొలపకూడదు. మన చెయ్యి ఊరుకోదు, ఏ సీసా కనబడినా ఒకసారి కడిగేస్తాం! పంపు మూతికి కట్టిన బట్ట, జల్లెడ తీసెయ్యండి. పంపు మూతిని స్పిరిటులో ముంచిన దూదితో తుడవండి. రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలెయ్యండి. తర్వాత సీసా మూత లోపలివైపు వేళ్లు తగలకుండా పట్టుకుని, కాస్త ఖాళీ ఉంచి నింపి వెంటనే బిగించండి. ఐసుముక్కలు వేసిన డబ్బాలో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి. సాయంత్రం పట్టి రేపు ఆయన ఆఫీసుకెళ్తూ ఇస్తారులే అనుకుంటే లాభం లేదు. ఏ ల్యాబ్ ఏ వేళకు తీసుకుంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కుని, ఆ పూటే పట్టండి.

లవణాల పరీక్షకు పద్ధతి వేరు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిపి అంచుదాకా నింపాలి. కూల్‌డ్రింకు సీసా, పచ్చడి జాడీ పనికిరావు. పాత గొట్టాలున్న ఇల్లయి సీసం ఉందేమోనని అనుమానమైతే మాత్రం నీళ్లు వదలకుండా, తెల్లవారి మొదటి ధారే పట్టాలి. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీళ్లలోనే అది దిగుతుంది.

రిపోర్టులో ప్రతి దానికీ రెండు హద్దులు వేసి ఉంటాయి. మొదటిది మంచిదని ఒప్పుకున్న హద్దు. రెండోది, వేరే నీళ్లు దొరకని చోట మాత్రమే సర్దుకోగల హద్దు. రెండోదాని లోపల ఉంది కదాని కులాసాగా ఉండటానికి లేదు. టీడీఎస్ 500, సర్దుకుంటే 2000. కఠినత్వం 200, సర్దుకుంటే 600. ఫ్లోరైడు 1, సర్దుకుంటే 1.5. ఇవన్నీ లీటరుకు మిల్లీగ్రాముల లెక్క. కఠినత్వం ఎక్కువైతే కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజరులో తెల్లపెచ్చు కడుతుంది. కంటి ముందు కనబడుతుంది కనుక దాన్ని గురించే మనం పోట్లాడతాం. ఒంటికి దానివల్ల పెద్ద హాని లేదు. నైట్రేటు మాత్రం 45 దాటకూడదు. దానికి సర్దుబాటు లేదు. రిపోర్టులో నైట్రేటుగా లెక్కవేశారా, నైట్రోజన్‌గా లెక్కవేశారా అని కూడా అడగండి. నైట్రోజన్‌గా అయితే హద్దు సుమారు 10. ఇక ఇ-కోలై అనే క్రిమి నూరు మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. అది ఉందంటే మురుగు కలిసినట్టే. గర్భిణి ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. మురుగు నీళ్లతో వచ్చే కామెర్లలో హెపటైటిస్-ఇ అనే రకం నెలలు నిండుతున్నవాళ్లకు ప్రాణాంతకం కావచ్చు.

మేం కాచి తాగుతున్నాం కదా, ఈ పరీక్షలెందుకు అనేవాళ్లున్నారు. క్రిముల విషయంలో వారి మాట నిజమే. కుతకుత మరిగాక ఒక నిమిషం ఉంచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు, నైట్రేటు మాత్రం కాస్తే పోవు. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి. సెప్టిక్ ట్యాంకుల పక్కన వేసిన బోర్లలో నైట్రేటు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అలాంటి నీళ్లను ఎంతో శ్రద్ధగా మరిగించి, చల్లార్చి, నెలల పాపకు పాలపొడి కలిపి పడతాం. పాప రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. తల్లి జాగ్రత్తలో లోపం లేదు, ఆ నీళ్లకు తగిన జాగ్రత్త అది కాదు, అంతే. ఫ్లోరైడు మనకు కొత్తది కాదు. మన దేశంలో దాని జబ్బును గురించి మొదట డాక్టర్లు రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాను చూసే. తర్వాత నల్గొండ పేరు దేశమంతా పాకింది. నది నీళ్లు గొట్టాల్లో అందాక అక్కడి బాధ చాలా తగ్గింది. బోర్ల మీదా, ట్యాంకర్ల మీదా బతికే పట్నం శివారు అపార్టుమెంట్లలో మనం ఆ సంగతి మరిచిపోతున్నాం. ట్యాంకరు ఎక్కడి బోరులో నింపుకొచ్చాడో ఎప్పుడైనా అడిగామా? పిల్లల పళ్లమీద సుద్దమరకలు, గోధుమరంగు గీతలు కనబడితే ఫ్లోరైడు పరీక్ష తప్పకుండా చేయించండి. పళ్లు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు పడిన మరక తర్వాత పోదు.

ఇదంతా ఒక్క ఇల్లు చేస్తే ప్రయోజనం కొంతే. సంపు అందరిదీ, గొట్టం వీధిదీ. అపార్టుమెంటు కమిటీలో ఈ మాట ఎత్తండి. "రిపోర్టు బాగా రాకపోతే బయట తెలిసి ఫ్లాట్ల ధర పడిపోతుంది" అనే పెద్దమనిషి ఒకరు ప్రతి చోటా ఉంటారు. ఆయనింట్లో మిషను ఉంటుంది. సంపు పక్కన గదిలో ఉండే వాచ్‌మన్ పిల్లలకు ఏ మిషనూ లేదు, నేరుగా పంపు తిప్పుకుని తాగుతారు. మొదట జబ్బుపడేది వాళ్లే. మన ఇళ్లల్లో అంట్లు తోమే మనిషి, మన మిషను నీళ్లు పట్టుకుపోవచ్చని మనం చెప్పకపోతే తనంతట తాను అడగదు. ల్యాబ్ ఖర్చు ఇళ్ల లెక్కన పంచితే పెద్ద మొత్తం కాదు. వీధి గొట్టం నీళ్లు, సంపు నీళ్లు, వంటింటి నీళ్లు, బోరుంటే బోరునీళ్లు విడివిడిగా ఇవ్వండి. అన్నీ ఒక సీసాలో కలిపితే ఏదీ తెలియదు.

లోపం సంపులో అని తేలితే, నీళ్లు తోడించి, గోడలు రుద్దించి, పగుళ్లు పూడ్పించండి. సంపు మూత నేలకంటే ఎత్తుగా కట్టించండి, వాన నీళ్లు దిగకుండా. తర్వాత వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యాలి. పదివేల లీటర్ల సంపుకు పాతిక గ్రాములు. ముద్దగా కలిపి, నీళ్లు పోసి పలచన చేసి, సున్నం దిగనిచ్చి పైతేట మాత్రమే పోయండి. గంట ఆగి వాడుకోండి. మూత తీసి నెలలు గడిచిన పౌడరులో పస ఉండదు, అది వేసీ వెయ్యనట్టే. వారం పది రోజులాగి మళ్లీ ఒకసారి పరీక్ష చేయించండి.

లోపం వీధి గొట్టంలో అయితే ఒక కాగితం మీద మీ వీధి గీయండి. ఏ ఇళ్లల్లో క్లోరిన్ రంగు వచ్చింది, ఏ ఇళ్లల్లో రాలేదు, ఎవరింట్లో విరేచనాలు పట్టుకున్నాయి, గుర్తులు పెట్టండి. చెడ్డ గుర్తులన్నీ ఎక్కడ మొదలయ్యాయో చూస్తే గొట్టం ఎక్కడ పగిలిందో చాలావరకు తెలిసిపోతుంది. ఆ కాగితం, ల్యాబ్ రిపోర్టు జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నంబరు తీసుకోండి. హైదరాబాదులో అయితే జలమండలికి 155313 మీద ఫోన్ కూడా చెయ్యొచ్చు. "నీళ్లు వాసనొస్తున్నాయి" అన్న ఫిర్యాదుకంటే "ఫలానా ఇంటి దగ్గర నుంచి కింది ఆరిళ్లకూ క్లోరిన్ రావడం లేదు" అన్న ఫిర్యాదుకు మనుషులు త్వరగా కదులుతారు. ఈలోగా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా వీధి వీధంతా కాచిన నీళ్లే తాగాలి. ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ కలిపి పడుతూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పరీక్షకు మంచి అదను వానాకాలం ముందు ఒకసారి, తొలకరి పడ్డాక ఒకసారి. వీధి తవ్వి కేబుళ్లు వేసినప్పుడు, కొత్త బోరు వేసినప్పుడు, ట్యాంకరు మార్చినప్పుడు కూడా చెయ్యాలి. రిపోర్టు కాపీ ఒకటి లిఫ్టు పక్కన అంటించండి. తెలుగులో రెండు ముక్కలు కింద రాస్తే, వాచ్‌మన్ ఇంటివాళ్లకు కూడా తెలుస్తుంది.